చేతిలో ఒకటి

కాలువ క్యాంపు, రేగులగడ్డ,
నల్లగొండ జిల్లా.
9 జూన్ 1964.

బొంబాయిలో ఉన్న మీకు యాదలక్ష్మి నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను, అత్తమ్మ రెండు పూటలా తింటూ తిరుగుతూ ఉన్నాము. మీరు కూడా మిల్లులో పాళీ దిగాక వేళకు ఇంత తిని పడుకుంటున్నారని అనుకుంటేనే నాకు కలం కదులుతుంది. మీ ఉత్తరం చేరి పన్నెండు రోజులైంది. జవాబు ఇంత ఆలస్యం చేశానని కోపగించకండి. ఈ ఉత్తరం మొదలుపెట్టి ఇది నాలుగో రోజు.

ముందు మీరు అడిగినవాటికి చెబుతాను. అత్తమ్మను మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్లాను. కంట్లో శుక్లం ఇంకా ముదరలేదట, కార్తీకం దాటాక రమ్మన్నారు. అత్తమ్మ బయటికొచ్చి బస్సు ఎక్కేదాకా గొణుగుతూనే ఉంది. "ముదరాల్నట. గిదేమన్న సీతాఫలమా, కొమ్మకుంచి సూసేటందుకు?" అంది. బస్సులో అందరూ నవ్వారు. ఆత్మకూరు నుంచి మీ చిన్నాయన మగ్గం సంగతి రాశాడు. వాన పడకముందే గుంటలో మట్టి మెత్తించి పెడతాడట, దాని గురించి మీరు ఫికరు పడనక్కర్లేదు. మీ దగ్గు తగ్గిందో లేదో మాత్రం మీరు రాయలేదు. పత్తి దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకోమని నేను రాసిన ప్రతిసారీ ఆ ఒక్క మాటకే మీ దగ్గర జవాబు ఉండదు.

చాల్‌లో పక్కగదుల వాళ్లు మీ ఆవిడ ఏం పని చేస్తుందని అడుగుతున్నారు, ఏమని చెప్పాలి అని రాశారు. కంప్యూటర్ అనే చెప్పండి. నా నియామకపు కాగితంలో ఉన్న మాట అదే. లెక్కలు కట్టే మనిషిని సర్కారు ఆఫీసుల్లో అలాగే పిలుస్తారు. అదే పేరుతో గదంత యంత్రం ఒకటి బొంబాయిలో పెట్టారని పేపర్లో చూశానన్నారు. ఉండొచ్చు. మా ఆఫీసులో మాత్రం కంప్యూటర్లంటే ఇద్దరమే, నేను, సిద్దిరాములుగారు. కాలువ ఎక్కడ ఎంత లోతు తవ్వాలో, తవ్విన మట్టి ఎంతవుతుందో, వంద అడుగులకొక గుంజ చొప్పున పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా కడుతూనే ఉంటాం. ఎదురుగా చిన్న యంత్రం, దాని పక్కన ఒక పిడి. కూడికకు పిడి ముందుకు తిప్పాలి, తీసివేతకు వెనక్కి తిప్పాలి. ఒకరోజు విసుగుపుట్టి ఎన్నిసార్లు తిప్పుతున్నానో గీతలు పెట్టుకున్నాను. సాయంత్రానికి రెండు వేలు దాటింది.

ఇక మిగిలింది కొత్త యంత్రం సంగతి. "నేను చెప్పినట్టు ఆపకుండా నడిపి చూశావా? చివరి గంటలో ఏమైంది?" అని అడిగారు. దీనికి జవాబు ఒక్క మాటలో అయ్యేది కాదు. ఆలస్యమైంది కూడా దీని దగ్గరే. మొదటి నుంచీ రాస్తాను, ఓపికగా చదవండి.

ఫిబ్రవరిలో మా ఇంజనీరు రామచంద్రయ్యగారు మమ్మల్నిద్దరినీ పిలిచారు. వచ్చే ఏడాదికల్లా నీళ్లు వదలాలని పైనుంచి ఒత్తిడి ఉందని, లెక్కల పని రెండింతలవుతుందని, పాత యంత్రాల పళ్లు అరిగిపోయాయని, కొత్తది తెప్పిస్తున్నామని చెప్పారు. మద్రాసు నుంచి ఒక కంపెనీ మనిషి రెండు యంత్రాలు పట్టుకొచ్చాడు. ఒకటి మా పాతదానిలాగే చేత్తో తిప్పేది. నల్లగా, బరువుగా, చూడ్డానికి ఏమీ ఉండదు. రెండోది కరెంటుది. లేత ఆకుపచ్చ రంగు, తెల్లటి మీటలు. అంకెలు నొక్కి ఒక మీట తాకితే లోపల మోటారు గిర్రున తిరిగి జవాబు పైకొస్తుంది. అతను ఎనిమిది అంకెల సంఖ్యను ఇంకో ఎనిమిది అంకెల సంఖ్యతో గుణించి, మేము చప్పట్లు కొట్టాలన్నట్టు మా మొహాలు చూశాడు. అందరూ ముచ్చటపడ్డారు కూడా. ఐదు నిమిషాల్లో, శీతాకాలపు పొద్దున, ఎంచుకోవడం అయిపోయినట్టే మాట్లాడుకుంటున్నారు.

నాకు ఒళ్లు మండింది. మాది ఐదు నిమిషాల పనా? మగ్గం కొనేవాడు మొదటి జానెడు గుడ్డ చూసి కొంటాడా? అప్పుడే మీకు రాశాను, మీరూ వెంటనే జవాబిచ్చారు. మీ మిల్లుకు బట్ట నేసే కొత్త సాంచె వస్తే మూడు పాళీలు ఆపకుండా నడిపి, చివరి గంటలో పోగులెన్ని తెగాయో లెక్కపెడతారని, మొదటి గంట లెక్కలోకే తీసుకోరని రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని ఇంజనీరుగారి గదికి వెళ్లాను. కంపెనీ వాడిని యంత్రాలు వదిలిపెట్టి వెళ్లమనండి, ఎండలు ముదిరాక ఆరు రోజులు నడిపి చూస్తాను అన్నాను. ఆయన కోస్తా మనిషి, మాట మెత్తగానే ఉంటుంది. "సరేనమ్మా, రిపోర్టు మీరే రాయండి. రోజూ దాని ముందు కూచునేది మీరే కదా" అన్నారు. పిడి తిప్పే మనిషిని పిలిచి ఏ యంత్రం కావాలని అడగడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికొచ్చి అత్తమ్మకు రెండుసార్లు చెప్పాను.

ఏప్రిల్ ఆఖరు వారంలో నడిపాం. ఎప్పుడో సరిచూసి జవాబులు తేలిన పాత లెక్కలు రెండు వందలు తీసి పెట్టుకున్నాను. వాటినే పొద్దుట్నించి సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ కట్టాలి, గంటగంటకూ తప్పులు రాసుకోవాలి. మీద రేకుల కప్పు. మధ్యాహ్నానికి బల్ల మీద చెయ్యి పెట్టలేము. కంకర మిల్లు మొదలైనప్పుడల్లా లైటు ఎర్రబడి, మోటారు మూలిగేది. చేతి యంత్రం ఆరు రోజులూ ఒక్క తప్పు చేయలేదు. కానీ దాన్ని తిప్పింది నేను కాదు. మీరు రాసుకోండి, నేను తిప్పుతా అని సిద్దిరాములుగారు అంటే సరేనన్నాను. ఆయన నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు. నాకు తిప్పడం చేతకావడం లేదన్న సంగతి ఆయనకు తెలియదు.

ఇది మీకూ తెలియదు. పోయిన ఉత్తరంలో అక్షరాలు ఎందుకు వంకరగా ఉన్నాయి, బస్సులో కూచుని రాశావా అని మీరు అడిగారు. దానికి పైన జవాబు రాయకుండా దాటేశాను. మార్చి నుంచి నా కుడి చెయ్యి బాగాలేదు. భుజం దగ్గర మొదలై చిటికెన వేలి దాకా మొద్దుబారుతుంది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చేలోపు జారిపోతుంది. అత్తమ్మే మొదట కనిపెట్టి, "ఏంది బిడ్డా, కంచంలకంటె కింద్నే ఎక్కువ పడుతున్నయి మెతుకులు" అంది. ఆముదం కాచి రాసింది, ఇటుక వేడి చేసి కాపడం పెట్టింది. దవాఖానలో మూడు నెలలు ఆ పిడి ముట్టొద్దన్నారు. ఎలా ముట్టకుండా ఉండేది? ఇంత బండపని ఆడమనిషికి ఎందుకిచ్చారని ఆఫీసులో మొదటి రోజు నుంచీ అంటున్నవాళ్లున్నారు. చెయ్యి నొస్తుందని నేను నోరు తెరవడమే ఆలస్యం, అదిగో అనేవాళ్లు. రెండు కంప్యూటర్ పోస్టుల్లో ఒకటి పర్మనెంటు చేసి, దానికి క్వార్టరు ఇచ్చే కాగితం అప్పుడే కదిలింది. నా పేరే ముందుంది. రెండు గదులు, వాకిట్లో నల్లా అని మేలో మీకు రాసింది ఆ ఇల్లే. మీరు చదివి, జూన్ ఆఖరుకు మిల్లులో నోటీసు ఇచ్చి వచ్చేస్తానని రాశారు.

ఇప్పుడు చివరి గంటలో ఏమైందో చెబుతాను. కరెంటు యంత్రం రెండు రోజులు బాగా నడిచింది. నా ఎడమ చేత్తోనే మీటలు నొక్కాను, నొప్పి లేదు, ప్రాణం లేచొచ్చినట్టయింది. మూడో రోజు మూడు దాటాక దాని పైరేకు ముట్టుకుంటే కాలింది. ఒక లెక్కకు జవాబు తేడా వచ్చింది. నేనే తప్పు నొక్కాననుకున్నాను. అనుమానం తీరక తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి ఒకటి కలిపి చూశాను. లక్ష రావాలి. నాలుగుసార్లు లక్షే వచ్చింది. ఐదోసారి తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై చూపించింది. చిన్నప్పుడు బడిలో చెప్పేవాళ్లు కదా, సున్నా వేసి చేతిలో ఒకటి అని. వేడెక్కితే ఆ యంత్రం చేతిలో ఉన్న ఒకటిని మరిచిపోతుంది. అదీ ప్రతిసారీ కాదు, ఎప్పుడో ఒకసారి. ఆ సాయంత్రం రెండు వందల లెక్కల్లో రెండు తప్పాయి.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. రిపోర్టు కాగితంలో తప్పులు అన్న చోట 'లేవు' అని రాసి సంతకం పెట్టాను. మీరు నేర్పిన పరీక్షతోనే పట్టుకున్నాను, పట్టుకుని దాచాను. రెండు తప్పులే కదా, పైగా నేను కట్టిన ప్రతి లెక్కా సిద్దిరాములుగారు మళ్లీ కట్టి సరిచూస్తారు, అక్కడ దొరికిపోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

యంత్రం కొన్నారు. కొన్న మూడో రోజున ఇంజనీరుగారు, యంత్రానికి తప్పులే రావని రిపోర్టు ఉండగా రెండోసారి కట్టడం దేనికి, సిద్దిరాములును వేరే పనికి వేయండి అన్నారు. నా రిపోర్టు మీదే అన్నారు. ఎదురుగా నిలబడి విన్నాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. మధ్యమధ్య ఆపి చల్లార్చుకుంటే సరిపోతుందనుకున్నాను. కానీ పై నుంచి కాగితాల మీద కాగితాలు వచ్చి పడుతుంటే ఆపేదెప్పుడు?

మే పదిహేడున ఓవర్సీరు మండిపడుతూ ఆఫీసుకొచ్చాడు. కాలువ మట్టం ఒకచోట ఉన్నట్టుండి ఒక అడుగు దిగిపోయి, పద్నాలుగు గుంజల తర్వాత సర్వే రాయి దగ్గర మళ్లీ ఒక అడుగు పైకి లేచిందట. "వడ్డెరోల్లకు కండ్లు లేవు సార్, ఇష్టమున్నట్టు తవ్విన్రు" అన్నాడు. ఎక్కువ తవ్వినదంతా మళ్లీ పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసలతో కొట్టాలని, ఆ పని కొలతలోకి రాదని, దానికి కూలి కట్టేది లేదని ఆర్డరు వేశారు.

నేను ఆ కాగితం తీసి చూశాను. కాలువ మట్టాన్ని కింది నుంచి పైకి గుంజగుంజకూ కలుపుకుంటూ వచ్చే లెక్క అది, అడుగుకు వంద పాయింట్లు. నాలుగు వందల అరవై అడుగుల తొంభై ఏడు పాయింట్లకు ఐదు పాయింట్లు కలిపితే నాలుగు వందల అరవై ఒక్క అడుగుల రెండు పాయింట్లు రావాలి. కాగితం మీద నాలుగు వందల అరవై అడుగుల రెండు పాయింట్లే ఉంది. ఒక అడుగు పోయింది. అక్కణ్నుంచి వరసగా పద్నాలుగు గుంజలకూ, మట్టం ముందే కొలిచి ఉన్న సర్వే రాయి వచ్చేదాకా అదే తప్పు. కింద నా పొట్టి సంతకం, మూడు గంటల నలభై నిమిషాలని టైము.

మధ్యాహ్నం తిండి మానేసి కాలువ దగ్గరకు నడిచాను. నలభై మంది ఎండలో మట్టి మోస్తున్నారు. వాళ్ల ముఠాకు పెద్ద ఈదమ్మ అనే ఆవిడ. ఆఫీసుకొచ్చినప్పుడు నన్ను చూసి ఉంటుంది. గట్టు మీద నన్ను చూసి తట్ట దించింది.

"అమ్మా, నువ్వు లెక్కలామెవు గద? జర నువ్వన్న సూడు. ఓవర్సీరు గుంజ సూసి ఎంత చెప్పిండో గంతే తవ్వినం. బెత్తెడు ఎక్కువ లేదు. ఇప్పుడొచ్చి మీకు కండ్లు లేవా అంటున్రు. మేం తీసిన మన్ను మేమే మళ్ల పోస్తున్నం. గిదేం న్యాయం?"

తలూపి వచ్చేశాను. దారిలో నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

సిద్దిరాములుగారికి చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "సప్పుడు జెయ్యకు బిడ్డా. మిషినుది తప్పంటే మనది తప్పన్నట్టే. మన్ను పోస్తున్నరు, నాలుగొద్దులల్ల అయిపోతది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఐదుగురు పిల్లల తండ్రి, భయస్తుడు.

మర్నాడు ఇంజనీరుగారి దగ్గరకు వెళ్లాను. "సార్, వడ్డెరోళ్ల తప్పు లేదు. మిషిను వేడెక్కితే తప్పుతది. నాకు ముందుగాల్నే తెలుసు. నేను దాచిన" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండమ్మా. ఆ రిపోర్టు మీద మీ సంతకం కింద నా సంతకం ఉంది. నా పైన ఇంకో ఇద్దరివి ఉన్నాయి. ఇప్పుడు మీరొచ్చి అది అబద్ధం అంటే నేనేం చేయాలి?"

"నిజం రాయండి సార్."

"ఎక్కడ రాయను? ఏ ఫారంలో ఉంది దానికి చోటు?" ఒక్కసారిగా గొంతు పెంచారు. "వచ్చే ఏడాదికి నీళ్లు కావాలంటారు. మనుషుల్ని ఇవ్వరు. యంత్రం ఒకటి ఇస్తే అదీ ఇలా! వెళ్లండి, నన్ను కాసేపు వదిలేయండి."

ఆయన అరుపు కంటే, ఆ చివరి మాటలో ఉన్న అలసట నన్ను ఎక్కువ కుంగదీసింది. నిజం చెబుతానంటే వినే దిక్కు లేదు. అబద్ధం రాసిన రోజు మాత్రం ఎంత తొందరగా సంతకాలు పడ్డాయో!

ఇంటికొచ్చి అత్తమ్మకు మొత్తం చెప్పాను. ఇల్లు రాకపోవచ్చు, మీరు రాలేకపోవచ్చు అని కూడా చెప్పాను. ఆమె ఆ పూటంతా గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకును చూసి రెండేళ్లయిన తల్లి, నేనేం అనగలను? మర్నాడు పొద్దున అన్నం గిన్నె నా ముందు పెట్టి, "రాయి బిడ్డా. ఇల్లు పోతే పోతది. మన్ను మోసేటోల్ల ఉసురు మనకొద్దు" అంది.

రెండో రిపోర్టు ఎడమ చేత్తో రాశాను. మూడో రోజు ఏమైందో, నేనెందుకు దాచానో, పద్నాలుగు గుంజల లెక్క ఎక్కడ తప్పిందో అన్నీ రాసి, నల్లగొండలో ఉండే పై అధికారి పేర రిజిస్టరు పోస్టు చేశాను. మా ఇంజనీరుగారికి ఒక ప్రతి ఇచ్చాను. ఆయన చదివారు. చించలేదు.

పది రోజులకు ఆ అధికారి జీపులో వచ్చాడు. యంత్రం నా ఎదురుగా నడపండి అన్నాడు. ఆ రోజే ఆకాశం మబ్బు పట్టాలా! చల్లగాలి, చినుకులు. ఐదింటి దాకా ఒక్క తప్పు లేదు. ఇన్నాళ్లూ నన్ను కాల్చుకుతిన్న యంత్రం ఆయన ముందు కొత్త కోడలిలా నడిచింది. అందరూ నావైపు చూస్తున్నారు. ఓవర్సీరు కిటికీలోంచి నవ్వాడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. "సార్, రేపు ఒక్కరోజు ఉండండి. ఎండొస్తది" అన్నాను. రేపు నాలుగింటికి వెళ్లాలి, అంతవరకే అన్నాడు.

మర్నాడు ఎండొచ్చింది. మూడైంది, తప్పు లేదు. ఆయన వాచీ చూసుకుంటున్నాడు. మూడుంపావు దాటాక కంకర మిల్లు మొదలైంది, లైటు ఎర్రబడింది, మోటారు మూలిగింది. మూడు ఇరవై అయిదుకు ఆయన కళ్ల ముందే నాలుగు తొమ్మిదులు అలాగే నిలబడిపోయాయి. ఆయన వంగి చూసి, తనే మళ్లీ మీట నొక్కి, మళ్లీ చూశాడు. నాకు సంతోషమేసింది. ఆ వెంటనే, ఇదే చోట కూచుని దీన్నే చూసి దాచింది నేను కదా అని తల దించుకున్నాను.

ఆయన వేసిన ఆర్డర్లు రాస్తాను. మట్టి తిరిగి పోసిన పని వడ్డెరల కొలతలోకి వచ్చింది, వాళ్ల మీద తప్పు కొట్టేశారు. కరెంటు యంత్రం గంట నడిపితే గంట ఆపాలి, ప్రతి లెక్కా రెండోసారి కట్టాలి. చేతి యంత్రాలు రెండు కొంటున్నారు. వాటికి ఇద్దరు కంప్యూటర్లను తీసుకుంటారు, దేహదారుఢ్యం గల మగవాళ్లు మాత్రమే అని రాశారు. ఆ ముక్క చదివి నేను ఇంజనీరుగారి గదికి పోయి గొడవ పెట్టుకున్నాను. "సార్, మగోళ్లయినా చెయ్యి చెయ్యే గద? దినమంత ఒక్కరే తిప్పితే వాళ్ల చేతులు గూడ గిట్లనే అయితయి. గంట తిప్పినోళ్లు గంట సరిసూడాలె, మారాలె. పరీక్ష పెడితే పొద్దుగాల పెట్టకండి, సాయంత్రం నాలుగింటికి పెట్టండి" అన్నాను. మగవాళ్లన్న మాట ఆయన మార్చలేకపోయారు. గంటగంటకూ మారడం మాత్రం ఒప్పుకున్నారు. పరీక్ష లెక్కలు నన్నే రాయమన్నారు. నా జాగాలో కూచునేవాళ్లను ఎంచే పని నాకే వచ్చింది.

నన్ను తీసేయలేదు. సరిచూసే పనికి నెలనెలకూ పొడిగించేలా ఉంచారు. పర్మనెంటు కాగితంలో నా పేరు కొట్టేశారు. ఆ ఇల్లు సిద్దిరాములుగారికి ఇచ్చారు. పోయిన ఆదివారం వాళ్లు సామాను దించుకుంటుంటే చూశాను. ఆ పిల్లలు నల్లా కింద ఆడుతున్నారు.

ఈదమ్మకు నేనే వెళ్లి చెప్పాలనుకున్నాను. ఆర్డరు వచ్చింది కాబట్టి ఆమెకు ఎలాగూ తెలుస్తుంది, కానీ యంత్రం తప్పని తెలుస్తుంది, నేను దాచానని తెలియదు. చెట్టు కింద అంబలి తాగుతుంటే వెళ్లి అంతా చెప్పాను. ఆమె ముంత కింద పెట్టింది.

"తొమ్మిదొద్దులు తవ్వినం. పదకొండొద్దులు పోసినం. గంత ఎండల. నా కోడలు పచ్చి బాలెంత. కొమ్మకు జోలె కట్టి పిల్లనేసి మన్ను మోసింది. నీ చెయ్యి నొస్తుందని నువ్వు ఊకున్నవా?"

"అవును" అన్నాను.

"పో ఈడికెల్లి."

వచ్చేశాను. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఈదమ్మ ఆఫీసు వాకిట్లో నిలబడి ఉంది. గొడవకొచ్చిందనుకున్నాను.

"గుంజల మీద రాసింది మాకు సదువరాదు. ఓవర్సీరు నోటితోని చెప్తడు, రేపటికి నేను గట్ల చెప్పలేదంటడు. పొద్దుగాల నువ్వొచ్చి సదువు. నువ్వు సదివినంకనే మేం గడ్డపార ఎత్తుతం" అంది.

"నా మీద నమ్మకమెట్ల ఈదమ్మా?"

"నమ్మకం గాదు. తప్పు నాది అని మొకం మీద చెప్పినదానివి ఈ క్యాంపుల నువ్వొక్కదానివే ఉన్నవు. ఇంకెవల్ని అడగాలె?"

అప్పట్నించీ రోజూ తెల్లవారక ముందే లేచి, రెండు మైళ్లు నడిచి, కాగితం చూసి గుంజగుంజకూ ఎంత లోతో గట్టిగా చదువుతున్నాను. వాళ్లలో ఒకామె ఆ లోతుల గుర్తుకు తాడుకు ముళ్లు వేసుకుంటుంది. ఓవర్సీరుకు కంటగింపుగా ఉంది. ఇంజనీరుగారు ఒకరోజు జీపు ఆపి విని వెళ్లారు. ఈదమ్మ నాతో ఇప్పటికీ నవ్వుతూ మాట్లాడదు. పని మాటలే మాట్లాడుతుంది. ఆమె కోడలు మాత్రం నిన్న పిల్లను చూపించింది.

ఇక మీతో అనాల్సిన మాట. మిల్లులో నోటీసు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, వెనక్కి తీసుకునే వీలుందేమో చూడండి. వీల్లేకపోతే వచ్చేయండి, ఈ ఒక్క గదిలోనే ముగ్గురం సర్దుకుందాం. మిమ్మల్ని ఆ దుమ్ములోంచి బయటికి తెద్దామని చేసిన పనే మిమ్మల్ని ఇంకా అక్కడే ఉంచేలా చేసింది. చెయ్యి నొప్పి మొదటే మీకు రాసి ఉంటే ఏదో ఒక దారి చెప్పేవారు. రాయలేదు. ఇప్పుడు కొంచెం తగ్గింది, ముద్ద నోటిదాకా వస్తోంది. అక్షరాలు వంకరగా ఉంటే ఎడమ చెయ్యి అనుకోండి.

అత్తమ్మ పక్కనే కూచుని ఏం రాస్తున్నావని అడుగుతోంది. మీ గురించి తన మాటగా రాయమంది: "మొకానికి గుడ్డ కట్టుకొమ్మను. కట్టుకుంటున్న అని అబద్ధం రాయొద్దను."

ఈ ఉత్తరం చదివాక మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. పర్వాలేదులే అని మాత్రం రాయకండి. ఎంత కోపమొస్తే అంతా రాయండి. దాచిన మాట ఎంత దూరం పోతుందో నేను కాలువ గట్టు మీద నిలబడి చూశాను.

ఇట్లు,
మీ జవాబు ఎలా ఉన్నా చదవడానికి సిద్ధంగా ఉన్న
మీ ఇల్లాలు
యాదలక్ష్మి